మంచు మీదే కొత్త సంవత్సరమా?

డిసెంబరు చివరి వారం వచ్చిందంటే అమెరికాలోని తెలుగు కుటుంబాలు స్కీ రిసార్టులకు బయల్దేరడం ఆనవాయితీ అయిపోయింది. బే ఏరియా వాళ్లు లేక్ టాహోకు, డాలస్ వాళ్లు కొలరాడోకు, ఇంకొందరు యూటాలోని పార్క్ సిటీకి. ఆ ఫొటోలు గంట తిరక్కుండానే ఆంధ్రలోని తిరువూరులో వాట్సాప్ స్టేటస్‌లకు ఎక్కుతాయి. "ఫలానా వాళ్లబ్బాయి మంచులోకి వెళ్లాడంట, మీవాడు ఇంట్లోనే ఉన్నాడా?" అనే పరామర్శ ఆ వెంటే మొదలవుతుంది. కొడుకు ఎంత ఎదిగాడో చెప్పే కొలత ఇదే అయింది. ఈ కొలత తప్పు.

శాన్ హోసే నుంచి టాహోకు మామూలుగా నాలుగు గంటల దారి. మంచు తుఫాను పట్టిన రోజున, దాదాపు 7,200 అడుగుల ఎత్తున ఉన్న డోనర్ కనుమ దగ్గర మామూలు కార్లను టైర్లకు గొలుసులు కట్టందే ముందుకు పోనివ్వరు. ఒక్కోసారి రోడ్డే మూసేస్తారు. మంచు మీద ఎన్నడూ బండి నడపని మనిషి, వెనక సీట్లో పసిపిల్లలు ఏడుస్తుంటే, చీకట్లో మోకాళ్ల మీద కూర్చుని గొలుసులు తగిలించడం సెలవు ఎలా అవుతుంది?

అసలు దోపిడీ కొండ కింద మొదలవుతుంది. స్కీ కొండలు నడిపే వెయిల్ రిసార్ట్స్ కంపెనీ 2008లో ఎపిక్ పాస్ అనే సీజన్ పాస్ తెచ్చింది. సీజనుకు ముందే పాస్ కొన్నవాళ్లకు చౌక, అప్పటికప్పుడు కొనేవాళ్లకు వాత. ఆ కంపెనీ పెద్ద కొండల మీద పండగ రోజుల్లో ఒక్క మనిషికి ఒక్క రోజు టికెట్ 300 డాలర్లు దాటింది, అంటే పాతిక వేల రూపాయల పైమాటే. చౌక పాసుల్లో కొన్ని సరిగ్గా ఆ రోజుల్లోనే చెల్లవు. ఏడాదికి ఒక్కసారి, అదీ ఆ వారంలోనే వెళ్లే మనవాళ్లే ఈ బేరానికి బలి.

అంత డబ్బు పోసినా ఏం దక్కుతుందో 2024లో తేలింది. డిసెంబరు 27న అదే కంపెనీ నడిపే పార్క్ సిటీ రిసార్టులో స్కీ పట్రోల్ సిబ్బంది సమ్మెకు దిగారు. దెబ్బలు తగిలిన వాళ్లను కొండ దించేది, హిమపాతం ముప్పు తప్పించేది వాళ్లే. గంటకు 21 డాలర్లున్న ప్రారంభ వేతనాన్ని 23 చేయమన్నారు. జనవరి 8 దాకా కంపెనీ దిగిరాలేదు. కొత్త సంవత్సరం వారంలో కొండ చాలా భాగం మూతపడింది, తెరిచిన కొద్ది లిఫ్టుల దగ్గర జనం గంటల తరబడి నిలబడ్డారు. తర్వాత కంపెనీ మీద దావా కూడా పడింది.

సమ్మె లేని ఏడాది మాత్రం కొత్తవాళ్లకు ఒరిగేదేమిటి? అద్దె బూట్ల క్యూలోనే పొద్దు సగం పోతుంది. ఆ బూట్లలో చీలమండ కదలదు. మెట్టు దిగాలంటే రెయిలింగ్ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో కాలూ వేయాలి. పిల్లలు కదిలే బెల్టు మీద పైకి వెళ్లి నాలుగుసార్లు జారేసరికి సాయంత్రం నాలుగవుతుంది, లిఫ్టులు ఆపేస్తారు. మోకాలు మెలితిరిగితే లిగమెంటు తెగొచ్చు. స్కీయింగ్‌లో తరచూ తగిలే దెబ్బ అది.

పిల్లలకు ఆట నేర్పాలంటారు. నేర్పించండి, మార్చిలో. టాహోలో అప్పటికీ మంచు ఉంటుంది, పగలు పెద్దది, పండగ ధరలుండవు.

ఆ డిసెంబరు సెలవులు సంక్రాంతికి దాచుకోవాలి. అప్పటికి తిరువూరు చుట్టుపక్కల మామిడి తోటలు పూత మీద ఉంటాయి; మందు కొట్టే పని వదిలి తల్లిదండ్రులు కదల్లేరు, రావాల్సింది పిల్లలే. 2025 డిసెంబరులో హెచ్-1బీ వీసా వాళ్ల సోషల్ మీడియా పరిశీలన మొదలయ్యాక వీసా స్టాంపింగ్ అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి పోయాయి, వస్తే ఇరుక్కుపోతామన్న భయం నిజమే. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఆ అడ్డు లేదు. స్టాంపింగ్ తప్పనివాళ్లు ఆ డిసెంబరు వారం ఇంటిపట్టున ఉండి కంటినిండా నిద్రపోవచ్చు.