క్లయింటు ఇంటర్వ్యూ లేని ఉద్యోగం

మనకి ప్రాజెక్టు మారినప్పుడల్లా ఓ తతంగం ఉంటుంది: క్లయింటు ఇంటర్వ్యూ. సొంత కంపెనీ మూడు రౌండ్లు వడపోసి తీసుకున్నా సరే, అవతలివాడు అరగంట మాట్లాడి "ఊఁ" అంటేగానీ బెంచి మీంచి లేవలేం. మనం తప్పు చేస్తే ఏమవుద్ది? మహా అయితే ఓ రిపోర్టు తప్పుగా వస్తుంది. మరి మనసు చెదిరిన మనిషిని ఎవరి చేతుల్లో పెడతామో ఆ డాక్టర్నీ, నర్సునీ, కౌన్సెలర్నీ ఎంచుకునేటప్పుడు, ఆ సేవ వాడుకున్నవాళ్ళని ఒక్కమాటైనా అడుగుతున్నామా?

తెలంగాణలో 2022 చివర్లో వచ్చిన స్టాఫ్ నర్సుల నోటిఫికేషన్ చూడండి. రాతపరీక్షకి 80, పాత సర్వీసుకి 20. పైరవీలు తగ్గుతాయి, మంచిదే. కానీ పరీక్ష మార్కుల్లో ఓర్పు కనపడదు కదా!

"పిచ్చోళ్ళు ఇంటర్వ్యూ చేస్తారా?" అని నవ్వేవాళ్ళుంటారని తెలుసు. ఎర్రగడ్డ పేరునే తిట్టుగా వాడుకునే ఊరు మనది. మా బాలాపూర్ వాళ్ళం దిల్‌సుఖ్‌నగర్ వచ్చి మెట్రో ఎక్కితే నేరుగా ఎర్రగడ్డలో దిగొచ్చు. బుర్రల్లో మాత్రం అది ఇంకా ఊరవతలే ఉంది.

అయ్యా, చట్టం నవ్వలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రాష్ట్ర అథారిటీలో జబ్బు అనుభవించినవాళ్ళ తరపున ఇద్దరు, వాళ్ళని చూసుకునేవాళ్ళ తరపున ఇద్దరు ఉండాలి. ఆసుపత్రుల మీద నిఘాకి పనికొచ్చినవాళ్ళు ఉద్యోగుల ఎంపికకి పనికిరారా? ఇంగ్లండులో 2003లో మొదలైన సోషల్ వర్క్ డిగ్రీకి, విద్యార్థుల ఎంపికలోనే వీళ్ళని కలుపుకోవాలని నియమం పెట్టారు. అక్కడి చాలా ప్రభుత్వ మానసిక వైద్య సంస్థల్లో ఇంటర్వ్యూ ప్యానెల్లో కోలుకున్న పేషెంటు కూర్చోవడం మామూలే.

మందుల డోసు గురించి వాళ్ళు అడగక్కర్లేదు, అది ప్రొఫెసర్ల పని. వాళ్ళడిగే ప్రశ్న వేరు: "మా తమ్ముడు మాత్రలు మింగట్లేదు, సాంబారులో కలిపి పెట్టమంటారా?" దీనికి అభ్యర్థి తడబడే తీరులోనే సగం మనిషి తెలిసిపోతాడు. ఇంట్లోవాళ్ళకి "కలిపెయ్యండి" అన్నవాడు నచ్చొచ్చు. పేషెంటుకి అదే నమ్మకద్రోహం. అందుకే ఇద్దరూ కూర్చోవాలి, ఒకరి బదులు ఇంకొకరు కాదు.

పరీక్షలు ఎత్తెయ్యమనట్లేదు. పాసైనవాళ్ళని సైకియాట్రీ వార్డుకి పంపేముందు ఓ అరగంట ఈ రౌండు పెట్టండి. నెగ్గకపోతే వేరే వార్డుకి వెయ్యండి, ఉద్యోగం ఎక్కడికీ పోదు. ప్యానెల్లో కూర్చున్నవాళ్ళకి శిక్షణా, ఆ రోజు కూలీ ఇవ్వండి. ఊరికే పిలిచి టీ బిస్కెట్టు పెట్టి పంపితే అదో ఫోటో కార్యక్రమం అవుతుంది.

సర్కారు సంగతి తర్వాత. మన ఆఫీసుల్లో ఒత్తిడికి కౌన్సెలర్ని పెడతారు చూశారూ, ఆయన్ని ఎవరు ఎంచుకున్నారు? హెచ్‌ఆర్ వాళ్ళు కొటేషన్ చూసి తెచ్చారా, లేక ఆ గదిలోకి వెళ్ళొచ్చినవాళ్ళు ఇష్టపడి చెప్పారా? రేపు ఆఫీసులో అడిగి చూడండి.