లక్షలిస్తారు, గంట ఇవ్వరు

నడుం నొప్పి అని ఇల్లాలు అంటే ఎవరూ తలెత్తి చూడరు. "ఈ వయసులో మామూలేలే, బామ్ రాసుకో" అంటారు. అదే ఎమ్మారై తీయించాక డాక్టరు "డిస్కు అరిగింది, ఫ్యూజన్ చేయాలి" అన్నాడనుకోండి, ఇల్లంతా కదులుతుంది. ఇన్సూరెన్సు కాగితాలు వెతుకుతారు, ఫిక్సెడ్ డిపాజిట్లు తీస్తారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

ఫ్యూజన్ అంటే రెండు మూడు వెన్నుపూసలను స్క్రూలు, కడ్డీలతో బిగించి, ఎముక ముక్కలు పెట్టి ఒకటిగా అతికించడం. అతుక్కోవడానికి నెలలు పడుతుంది. ఆ తర్వాత అక్కడ కదలిక ఉండదు. ఆ భారం పక్క పూసల మీద పడి, కొందరికి కొన్నేళ్ళకి అవీ అరుగుతాయి.

ఆపరేషన్లన్నీ దండగ అనడం లేదు. పూస జారినా, విరిగినా, టీబీ సోకినా, కణితి వచ్చినా అది అవసరం పడొచ్చు. కాళ్ళలో బలం తగ్గుతున్నా, మూత్రం అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా ఆ రోజే ఆస్పత్రికి పరుగెత్తాలి. నా గొడవంతా ఇవేవీ లేని, ఏళ్ళ తరబడి వేధించే ఉత్త నడుం నొప్పి గురించి.

"ఎమ్మారైలో కనబడిందిగా" అంటారు. 1994లో అమెరికాలో నడుం నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే సగం మందికి పైగా డిస్కు ఉబ్బి కనబడింది. జుట్టు నెరిసినట్టే డిస్కులూ అరుగుతాయి. కనబడిందల్లా నొప్పికి కారణం కాదు.

బ్రిటన్‌లో 349 మంది రోగుల్లో కొందరికి ఈ రకం ఆపరేషన్ చేశారు, మిగతా వాళ్ళకి మూడు వారాల పాటు గట్టిగా వ్యాయామ శిక్షణ ఇచ్చారు. రెండేళ్ళ తర్వాత రెండు జట్లూ మెరుగుపడ్డాయి. ఆపరేషనే మేలని స్పష్టంగా తేలలేదని 2005లో ప్రకటించారు. 2016లో అక్కడి నైస్ సంస్థ, పరిశోధనలో భాగంగా తప్ప ఉత్త నడుం నొప్పికి ఫ్యూజన్ చేయొద్దని చెప్పేసింది.

మరి మనం వ్యాయామం ఎందుకు చేయం? బద్ధకమా? మా వదినకి రాసిచ్చిన వ్యాయామాల కాగితం ఏడాదిగా ఫ్రిజ్ తలుపుకే అంటుకుని ఉంది. పొద్దున్నే ఆ గంటలో అన్నయ్యకి టిఫిను, నాన్నకి జావ, పిల్లాడికి బాక్సు. ఆపరేషన్ అయితే మాత్రం మూడు నెలలు వంటమనిషిని పెట్టడానికి అందరూ ఒప్పుకున్నారు. ఆ వంటమనిషిని ఇప్పుడే పెట్టొచ్చుగా అన్నాను. "ఆపరేషన్ కాకుండా వంటమనిషెందుకే?" అంది మా అమ్మ. వదిన నవ్వి, "కోత పడితేగానీ నాకు సెలవు రాదు" అంది.

ఎంత అన్యాయమో చూడండి! ఒంట్లో స్క్రూలు దిగితే తప్ప నొప్పిని నమ్మని ఇళ్ళు మనవి. కుట్లకిచ్చే మర్యాద మాటకివ్వరు.

కాబట్టి, ఆపరేషన్ అన్న డాక్టరుని నిలదీసి అడగండి. పూస జారిందా, నరం నలుగుతోందా, అరుగుదలేనా? క్రమంగా వ్యాయామం చేసి చూశాక నిర్ణయించుకుంటే నష్టమేమైనా ఉందా? ఇంకో డాక్టరుకీ చూపించండి. ఇంట్లోవాళ్ళని మాత్రం ఒక్కటే అడగండి: రేపట్నుంచి పొద్దున్న ఆరు నుంచి ఏడు వరకు వంటింట్లో ఎవరుంటారు?