బస్తాలో నత్రజని, బావిలో నత్రజని



మనము పీల్చే గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. అది ముక్కులోనికి పోయినది పోయినట్టే తిరిగి బయటికి వచ్చును, ఒంటికి పట్టదు. అయినను మన కండలోను, రక్తములోను, గోళ్లలోను, వెంట్రుకలలోను నత్రజని ఉన్నది. పప్పు, పాలు, గుడ్డు ఇచ్చే బలమంతా అందులోని మాంసకృత్తులదే. నత్రజని లేనిదే మాంసకృత్తులు లేవు. గాలినుండి పట్టనిది ఒంటిలోకి ఎట్లు వచ్చినది? తిండివలన వచ్చినది. తిండి మొక్కనుండి, మొక్క నేలనుండి. వరి మొక్కకు కూడ గాలిలోని నత్రజనిని నేరుగా తీసికొనే శక్తి లేదు. దానిలోని రెండేసి పరమాణువులు మూడు బంధాలతో ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని యుండును. ఆ ముడి విడితేనే అది పైరుకు ఆహారమగును.

మెరుపు మెరసినప్పుడు ఆ ముడి కొంత విడును. కొన్ని సూక్ష్మజీవులు నేలలో చప్పుడు లేకుండ విప్పుచుండును. మనిషి విప్పుట నేర్చినది మొన్న మొన్ననే. 1909లో జర్మనీ దేశస్థుడు ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి అమ్మోనియా తీసి చూపెను. కార్ల్ బాష్ ఆ పనిని పెద్ద ఎత్తున సాగించగా 1913లో ఓపావు అను చోట కర్మాగారము మొదలైనది. మరుసటి యేడే యుద్ధము వచ్చినది. పొలమునకు పుట్టిన అమ్మోనియాతోనే ఫిరంగులకు మందుగుండు కూడ చేసిరి. మన రామగుండములో బొగ్గుతో ఎరువు చేసిన పాత కర్మాగారము 1999లో మూతపడినది. 2021నుండి అక్కడ సహజవాయువుతో మరల యూరియా తీయుచున్నారు.

పేరును గూర్చి ఒక మాట. సామెతల గ్రంథము 25వ అధ్యాయములో చిరకాతో పాటు సురేకారము పేరు వచ్చును. హెబ్రీ భాషలో అక్కడ ఉన్న మాట నెతెర్. అది మన సురేకారము కాదు, బట్టలుతుకు సోడా వంటిదని పండితులు చెప్పుదురు. చిరకా పోస్తే బుసబుస పొంగునది అదే. ఆ మాటకు చుట్టమైన గ్రీకు మాటనుండియే 1790లో నైట్రోజన్ అను పేరు పెట్టిరి.

ఇక బస్తా సంగతి. ఇప్పుడు యూరియా బస్తా 45 కిలోలు, అందులో నత్రజని నూటికి 46 పాళ్లు. అంటే 20 కిలోల పైచిలుకు. నిలువ నీటిలో చల్లితే అందులో సగము కూడ పైరుకు దక్కకపోవచ్చును. కొంత అమ్మోనియాగా గాలిలో కలియును (పశువుల కొట్టములో ముక్కుకు తగిలే ఘాటు అదే), కొంత నీటితో క్రిందికి దిగును. అందుకే నీరు తీసివేసి బురద పదనులో చల్లి, ఒకటిన్నర రెండు రోజులకు పలుచగా నీరు పెట్టుమని వ్యవసాయశాఖ వారు చెప్పుదురు. ప్రక్క చేను నల్లగా ఉన్నదని మరొక బస్తా వేయువారిని మేము చాలమందిని చూచితిమి. మోతాదు మించిన పైరు పడిపోవును. దోమపోటు, పొడతెగులు దానినే వెదకికొని వచ్చును.

కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందే తడి చేలో మినుము చల్లుట మీరెరుగుదురు. ఆ మొక్కను మెల్లగా పెరికి వేరు చూడండి. చిన్న చిన్న బుడిపెలుండును. ఒకదానిని గోటితో చీల్చండి. లోపల గులాబి రంగుంటే సూక్ష్మజీవులు పనిలో ఉన్నట్టు. జనుము, జీలుగ, పిల్లిపెసర కూడ ఇట్టివే. అయితే పైరంతా కోసి ఇంటికి తెచ్చుకొంటే నేలకు మిగిలేది స్వల్పము. పూతకు వచ్చినప్పుడు కలియదున్నినదే ఎరువు.

తల్లులు ముఖ్యముగా వినవలసినది బావి సంగతి. క్రిందికి దిగిన నత్రజని నైట్రేటుగా మారి బావిలోను, బోరులోను చేరును. పెంటకుప్ప, మరుగుదొడ్డి గుంట దగ్గరగా ఉన్నా అంతే. దానికి రంగు లేదు, వాసన లేదు. మన దేశములో త్రాగునీటికి విధించిన హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. అంతకు మించిన నీటితో పాలపొడి కలిపి ఆరు నెలలలోపు బిడ్డకు పట్టితే, రక్తము ప్రాణవాయువును మోయలేక పెదవులు, గోళ్లు నీలముగా మారవచ్చును. అట్లు కనబడితే దిష్టి అని కూర్చొనక వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలెను. కాచిన నీళ్లే గదా అని ధైర్యము చెప్పుకొనుటకు వీలు లేదు. కాచుటవలన క్రిములు చచ్చును గాని నైట్రేటు పోదు. నీరు ఆవిరై తగ్గినకొలది అది ఇంకా చిక్కనగును. గుడ్డతో వడకట్టినా పోదు. తల్లిపాలు త్రాగే బిడ్డకు ఈ భయము లేదు.

జిల్లాలో గ్రామీణ నీటి సరఫరా శాఖ వారి పరీక్షాశాలలున్నవి. శుభ్రమైన సీసాను అదే బావి నీటితో రెండు మూడు సార్లు తొలిచి, నిండుగా పట్టి, మూత బిగించి, బావి పేరు, తేదీ వ్రాసి ఆలస్యము చేయక అందజేయండి. వానలకు ముందొకసారి, వానలు వెలిసిన తరువాత ఒకసారి.