పరిగెపిల్లకి ఎన్ని వెంట్రుకలు?

మార్చి వచ్చిందంటే మా డైనింగ్ టేబుల్ అంచుకి చిన్న వైస్ ఒకటి బిగుస్తాను. దాని నోట్లో గాలం. పక్కన జింకతోక వెంట్రుకలు, వెండిరంగు రేకు, దారం. న్యూయార్క్‌లో చాలా వాగుల్లో ట్రౌట్ పట్టి ఇంటికి తెచ్చుకునే కాలం ఏప్రిల్ 1న మొదలవుతుంది. అప్పటికి కాట్‌స్కిల్ కొండల్లో నీళ్ళింకా చల్లగానే ఉంటాయి. నీటిమీద పురుగులు పెద్దగా లేవవు. అందుకని పురుగులా కాక చేపపిల్లలా కనిపించే ఫ్లై కట్టుకోవాలి.

"రెండు మూడు డాలర్లకి దొరికేదానికి ఇంత అవస్థ ఎందుకు?" అంటారు మిత్రులు. నా మటుకు నాకు, కొట్లో ఫ్లై చాలాసార్లు చేపకోసం కాక కొనేవాడికోసం కట్టినట్టు ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే నిండుగా కనపడాలి కదా!

నేనూ మొదటి రెండేళ్ళు అలాగే బొద్దుగా కట్టాను. ఒక్క చేపా ముట్టలేదు. ఆ ఏడు కోనసీమనుంచి వచ్చిన నాన్న ఒకటి తీసి చూసి, "ఇది చేపపిల్లా, చీపురుకట్టా? మన కాలవలో పరిగెపిల్ల ఎలా ఉంటుందో మర్చిపోయావా? కన్నూ, వెన్నూ తప్ప ఏం కనిపిస్తాయిరా?" అన్నారు.

గ్లాసుడు నీళ్ళలో వేసి చూశాను. నిజమే. చిన్న చేప ఒంట్లోంచి వెలుగు దూరిపోతుంది. నా ఫ్లైలోంచి దూరలేదు. సగం వెంట్రుకలు కత్తిరించాక, తడిసి సన్నబడి, నీళ్ళు కదిపితే ఈదినట్టే కదిలింది.

కాట్‌స్కిల్స్‌లో స్కొహారీ వాగు పక్కన బతికిన ఆర్ట్ ఫ్లిక్ పేరుమీద బ్లాక్‌నోస్ డేస్ అనే ఫ్లై ఉంది. ఆ వాగుల్లో ఉండే, ఒంటిపక్కన నల్లచార ఉన్న రెండుమూడంగుళాల చేపకి నకలు. కింద తెలుపు, మధ్యలో నలుపు, పైన గోధుమరంగు, అంతే. ముందు ఆ చేపని చూసినవాడే ఇంత తక్కువతో కట్టగలడు. సొంతంగా కట్టుకోమనేది డబ్బు మిగులుతుందని కాదు, మిగలదు కూడా. ట్రౌట్‌కంటే ముందు అది తినే చేపని చూడడం అలవాటవుతుందని.

నిన్న వీడియోకాల్‌లో కొత్తది చూపించాను. నాన్న కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"ఇంకో నాలుగు వెంట్రుకలు తీసెయ్" అన్నారు.