బండి నిలిపిన నేరము

జరిమానా స్వల్పమైనచో అన్యాయమును స్వల్పమేయని తలచువారు మనలో అనేకులు కలరు. ఐదువందల రూపాయల కొరకు న్యాయస్థానముల చుట్టు తిరుగుట వివేకము గాదని పెద్దలు హితవు చెప్పుచుందురు. ఈ హితవు వలన ఒకనికి ఒక దినము కలిసివచ్చునేమో గాని, ప్రజల హక్కు మాత్రము దినదినమును తరిగిపోవుచున్నది. పనిచేయు తావున బండి నిలిపినందుకు విధింపబడు జరిమానాలను గూర్చియు, వానిపై వెలువడు తీర్పులను గూర్చియు ఈ వారము మేము వ్రాయబూనుటకు కారణ మిదియే.

2022 ఏప్రిల్ 4వ తేదీకి ముందు విశాఖపట్టణము జిల్లాలో నుండి, ఆనాటి నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరమునే ఉదాహరణముగా గైకొందము. భీమునిపట్టణము నుండి నర్సీపట్టణము పోవు బాట యీ యూరి మీదుగానే పోవుచున్నది. చెఱకు కోతల దినములలో ఎడ్లబండ్లును, ట్రాక్టర్లును, లారీలును బాటను క్రమ్ముకొనును. ఈ బాట ప్రక్కనున్న యొక కార్యాలయమున పనిచేయు గుమాస్తా నొకనిని ఊహింపుడు. చుట్టుప్రక్కల పల్లెనుండి మోటారుసైకిలుపై వచ్చును. బండి నిలుపుటకు యజమాని స్థలము చూపలేదు. ఊరిలో ఏర్పరచిన స్థలమును లేదు. కార్యాలయపు గేటులోపల నొక మూల నిలిపి పనిలోనికి పోయెను. సాయంకాలము వచ్చి చూచుసరికి చలానా సిద్ధముగా నున్నది. కోర్టుకు పోయినచో ఒక దినపు జీతము పోవును. వకీలు ఫీజు వేరు. కావున నేరము చేసితినని తల యూపి, సొమ్ము చెల్లించి, ఇంటికి పోవును. దేశమున నిట్టి తీర్పులు ఎన్నియో వెలువడుచున్నవి. వానిలో విచారణ లేదు, సాక్ష్యము లేదు, ముద్దాయి యొక్క తొందరయే తీర్పగుచున్నది.

అసలు చట్టమేమి చెప్పుచున్నదో చదువరులు గ్రహింతురు గాక. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 122వ సెక్షను, బహిరంగ స్థలమున ఇతరులకు అపాయముగాని, ఆటంకముగాని, అనుచితమైన అసౌకర్యముగాని కలుగునట్లు బండిని విడిచిపోవుటను నిషేధించుచున్నది. బహిరంగ స్థలమన నేమో అదే చట్టము 2వ సెక్షనులో నిర్వచించినది: ప్రజలకు ప్రవేశించు హక్కు గల బాటగాని, వీధిగాని, ఇతర స్థలముగాని అయి యుండవలెను. కాబట్టి పై గుమాస్తా విషయమున మేజిస్ట్రేటు ముందుకు రావలసిన ప్రశ్నలు రెండు. గేటు లోపలి యా మూలకు ప్రజలందరికిని ప్రవేశించు హక్కు కలదా? కలదనుకొన్నను, ఆ బండి వలన ఎవరికి ఏ యాటంకము కలిగినది? ఈ రెంటిని రుజువు చేయవలసిన భారము ప్రాసిక్యూషనుది, గుమాస్తాది కాదు. బండ్లు నిలుపుటకు తగిన స్థలములను స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించు నధికారము 117వ సెక్షనున చెప్పబడినది. స్థలము చూపు పనిని ప్రక్కకు నెట్టి, చలానా వ్రాయు పనియందు మాత్రమే శ్రద్ధ చూపుట పరిపాలన యనిపించుకొనదు.

ఇక తీర్పు ప్రతికూలముగా వచ్చినచో మార్గమేమి? చిన్న కేసులలో అప్పీలు లేదను మాట ఊరూరను వ్యాపించియున్నది. ఇది సగము మాత్రమే నిజము. 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు మొదటి తరగతి మేజిస్ట్రేటు విధించు జరిమానా 50 రూపాయలకు మించనిచో అప్పీలు నిరాకరించినది. 1973 నాటి కోడు దానిని 100 రూపాయలు చేసినది. సంక్షేప విచారణలో 200 రూపాయలు. 2024 జూలై 1వ తేదీ నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితయు 417వ సెక్షనులో ఈ యంకెలనే నిలుపుకొన్నది. బండి నిలిపిన నేరమునకు 177వ సెక్షను క్రింద మొదటి తప్పుకు గల గరిష్ఠ జరిమానా పూర్వము 100 రూపాయలే యగుటచే అప్పీలు ద్వారము మూసియే యుండెడిది. 2019 సెప్టెంబరు 1వ తేదీ నుండి ఆ జరిమానా 500 రూపాయల వరకు పెరిగినది. ప్రజలను భయపెట్టుటకై పెంచిన జరిమానాయే వారికి అప్పీలు ద్వారమును తెరచినది! కాని ఈ సంగతి నెరిగినవారు ఎందరు? అప్పీలునకు గడువు 30 దినములు. అప్పీలు లేని కేసులలో సైతము సెషన్సు న్యాయస్థానమున రివిజను కోరవచ్చును. దానికి గడువు 90 దినములు.

అయితే రెండు గోతులున్నవి. మొదటిది నేరాంగీకారము. మేజిస్ట్రేటు ఎదుట నేరము నొప్పుకొనిన వాడు శిక్ష యొక్క పరిమాణమును గూర్చియు, చట్టబద్ధతను గూర్చియు తప్ప అప్పీలు చేయజాలడు. నేరమే జరుగలేదని వాదించు హక్కును తన నోటితో తానే వదలుకొన్నవాడగును. రెండవది లోక్ అదాలతు. 1987 నాటి చట్టము ప్రకారము అచ్చట కుదిరిన పరిష్కారమే తుది నిర్ణయము. దానిపై అప్పీలు లేదు. నేరము చేసినవానికి లోక్ అదాలతు మేలైన మార్గమే. నేరము చేయనివాడు జరిమానా తగ్గినదని సంతసించి అచ్చట రాజీపడుట, తనది కాని బాకీకి తగ్గింపు కోరుట వంటిది.

చలానా పోలీసులదిగాక యజమానిదే యగు సందర్భములును కలవు. ఫలానా చోట బండి నిలిపితివని జీతమునుండి కోసివేయు ప్రైవేటు యాజమాన్యములు తమ యిల్లు తమ యిష్టమని తలచుచున్నవి. 1936 నాటి జీతముల చెల్లింపు చట్టమే యీ తలంపును త్రోసివేసినది. జరిమానా రూపాయకు అర్ధణా మించరాదని ఆనాడే నియమించినది. 2025 నవంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చిన వేతనముల కోడు ఈ రక్షణలను నిలుపుకొన్నది. ప్రభుత్వ ఆమోదముతో ముందుగా నోటీసున ప్రకటించిన తప్పిదములకు తప్ప జరిమానా వేయరాదు. ఉద్యోగికి సంజాయిషీ చెప్పుకొను అవకాశ మీయవలెను. మొత్తము ఆ కాలపు జీతములో నూటికి 3 వంతులు మించరాదు. తప్పిదము జరిగిన 90 దినముల తరువాత వసూలు చేయరాదు. వసూలైన సొమ్మును రిజిస్టరులో వ్రాసి, ఉద్యోగుల మేలుకే వినియోగింపవలెను. రిజిస్టరు చూపుడని యొక్క ఉద్యోగి యడిగిన చాలును. అనేక జరిమానాలు అచ్చటనే కరగిపోవును.

ఈ బాధ మన యూరికే పరిమితము గాదు. వేల్సు దేశపు ముఖ్యపట్టణమైన కార్డిఫులోని విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో పనిచేయు నర్సులును, ఇతర ఉద్యోగులును తమ పనిచోటనే బండ్లు నిలిపినందుకు ఒక ప్రైవేటు కంపెనీ చీటీలిచ్చినది. నిలుపుటకు చాలినంత చోటు లేదనియు, రోగులను విడిచి బండి కొరకు పరుగెత్తజాలమనియు వారు వాదించిరి. 2017 జూలైలో న్యాయస్థానము కంపెనీ పక్షముననే తీర్పు చెప్పినది. ఒక్కొక్క చీటీకి వంద పౌండ్లకు పైగా చెల్లింపవలసి వచ్చినది. వారు కోర్టున ఓడిరి గాని, వారి గోడు దేశమంతయు వినబడినది. మరుసటి సంవత్సరము ఆ కంపెనీ కంట్రాక్టు ముగియుటతో అచ్చట బండి రుసుములును ముగిసినవి. మన దేశముననే మథుర పట్టణపు న్యాయవాది యొకరు, 1999లో రైలు టిక్కెట్లకు తనయొద్ద 20 రూపాయలు అధికముగా తీసికొనిరని ఫిర్యాదు చేసి, 2022లో గెలిచినారు. ఇరువదిరెండేండ్లు పట్టినదని నవ్వువారు నవ్వుదురు గాక! అంత కాలము పట్టుట ఆయన తప్పు గాదు. అది మన న్యాయవ్యవస్థ తలవంచుకొనవలసిన సంగతి.

ప్రతి చలానాయు సవాలు చేయబడినచో న్యాయస్థానములు మునిగిపోవునని కొందరందురు. బాటకడ్డముగా బండి నిలిపి, అంబులెన్సును ఆపినవానిని దండింపవలదని మేము చెప్పుట లేదు. అట్టివానిని దండించుటయే న్యాయము. కాని న్యాయస్థానమునకు తీరిక లేదను కారణమున నిర్దోషి సొమ్ము కట్టవలెననుట ఏ ధర్మశాస్త్రమును ఒప్పుకొనదు. చలానాలే సక్రమముగా వ్రాసినచో సవాళ్లు వాటంతట నవే తగ్గును.

కాబట్టి మేము కోరునవి ఇవి. స్థానిక సంస్థయు, పోలీసులును కలిసి పనిచోట్ల దరిని బండ్లు నిలుపు స్థలములను ఏర్పరచి, తెలుగున బోర్డులు పెట్టవలెను. చలానాపై ఏ సెక్షను, ఏ స్థలము, ఏ యాటంకము అనునది స్పష్టముగా నుండవలెను. కెమేరా ద్వారా కనిపెట్టిన నేరములకు 15 దినములలో నోటీసు పంపవలెనని 2021 ఆగస్టులో చేర్చిన 167ఎ నిబంధన చెప్పుచున్నది. అది ఆచరణలో కనబడవలెను. సంక్షేప విచారణలో సైతము, ముద్దాయి నేరము నొప్పుకొననిచో, తీర్పునకు కారణములు క్లుప్తముగ వ్రాయవలెనని చట్టమున కలదు. ఆ నాలుగు పంక్తులే పై న్యాయస్థానమునకు దీపము. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు తెగల వారికిని, పారిశ్రామిక కార్మికులకును ఉచిత న్యాయ సహాయము 1987 నాటి చట్టమున హక్కుగా నీయబడినది. న్యాయసేవాధికార సంస్థలు ఆ హక్కును చలానా కేసులకును విస్తరించి ప్రకటింపవలెను. ఉద్యోగ సంఘములు చందాలు వేసికొని, ఒక్కొక్క యూరిలో ఒక్కొక్క మంచి కేసును కడవరకు నడపవలెను.

న్యాయవాద వృత్తిలోని మా సోదరులకును ఒక మాట. ఫీజు గిట్టదని ఇట్టి కేసులను త్రోసిపుచ్చకుడు. భూమి దావాలలో మీ వాదన ఒక కుటుంబమునకు ఉపయోగపడును. ఈ చిన్న కేసులో గెలిచిన ఒక్క తీర్పు వేలమంది జీతగాండ్రకు ఉపయోగపడును. చదువరులారా! తప్పు మీదైనచో నేడే సొమ్ము కట్టుడు. తప్పు మీది కానిచో నేరము నొప్పుకొనకుడు; గడువు దాటనీయకుడు; తీర్పు నకలు చేతబట్టుకొని పై మెట్టెక్కుడు. మీరెక్కకున్న ఆ మెట్టు మీ బిడ్డల నాటికి పాచిపట్టును.