చప్పటి తిండి, దూడల క్లబ్బు

ఆన్‌సైట్ అని ఇంగ్లండ్ వెళ్ళొచ్చిన మనవాళ్ళు ఎవర్ని కదిపినా ఒకటే మాట. "వాళ్ళకి తిండి చేసుకోవడం చేతకాదు బాబూ!" ఉప్పూకారం లేని దుంపలు, బఠాణీల ముద్ద, చల్లారిపోయిన పై. నేనూ ఏడాదిన్నర తిన్నాను కాబట్టి కాదనను. కానీ ఆ చప్పదనమే వాళ్ళ సంప్రదాయం అంటే మాత్రం ఒప్పుకోను.

1940లో మొదలైన రేషన్ 1954 దాకా నడిచింది. యుద్ధం 1945లోనే అయిపోయినా సరే! ఆ రోజుల్లో చీజుకి వాడే పాలలో చాలా భాగం 'గవర్నమెంట్ చెడ్డార్' అనే ఒకే రకానికి పోయేది. ఊరికో రుచితో చీజు చేసుకునే రైతుల ఇళ్ళు చాలావరకు ఆ పని మానేశాయి. రేషన్ తిండే తిండి అనుకుని ఒక తరం పెరిగింది. మనం వెక్కిరించేది చాలావరకు ఆ తరం వంటనే.

మిగిలిన కాస్తనీ నిలబెట్టింది టీవీ చెఫ్‌లు కాదు, పల్లెటూరి క్లబ్బులని నా అభిప్రాయం. 1915లో వేల్స్‌లో మొదలైన విమెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆడవాళ్ళు యుద్ధకాలంలో ప్రభుత్వం ఇచ్చిన పంచదారతో ఊరి పళ్ళన్నీ జాములు చేసి నిలవపెట్టారు. 1940-45 మధ్య 5,300 టన్నుల పైచిలుకు పళ్ళట!

నాకు ఇంకా నచ్చింది యంగ్ ఫార్మర్స్ క్లబ్బు. 1921లో డెవన్‌లోని హెమ్యాక్ అనే ఊళ్ళో, పాల నాణ్యత పెరగాలని రైతుల పిల్లలతో దూడల్ని పెంచే క్లబ్బు ఒకటి పెట్టించారు. అక్కణ్ణించి దేశమంతా పాకింది. బీరు తాగి డాన్సులాడే క్లబ్బులని, పెళ్ళిసంబంధాల బ్యూరోలని ఎగతాళి చేసేవాళ్ళూ ఉన్నారు (అదీ కొంత నిజమే లెండి). కానీ అక్కడ ఒక పోటీ ఉంది. నాలుగు పశువుల్ని చూసి మంచిచెడ్డల ప్రకారం వరస పెట్టాలి. ఎందుకలా పెట్టారో జడ్జి ఎదుట నిలబడి నోటితో చెప్పాలి. కోడ్ రివ్యూలో 'లుక్స్ గుడ్' అని రాసి చేతులు దులుపుకునే మన మిత్రుల్ని ఒక్కసారి అక్కడికి పంపాలనిపిస్తుంది.

ఇప్పుడు అక్కడ దాదాపు మూడోవంతు పొలాల యజమానులు 65 దాటినవాళ్ళే. సూపర్ మార్కెట్లో పాతకాలపు బొమ్మ అంటించిన పోర్క్ పై కొనేసి వారసత్వం కాపాడామనుకుంటే ఎలా? రెసిపీ ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. పొదుగు చూసి ఆవు సంగతి చెప్పగలిగే ఇరవయ్యేళ్ళ పిల్ల దొరకదు. వారసత్వం పేరుతో ప్రభుత్వం ఖర్చుపెట్టే డబ్బు కోటలకంటే ముందు ఈ క్లబ్బులకి చేరాలంటాను.

మనకీ సంక్రాంతికి ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీలున్నాయి. చుట్టూ వేలమంది జనం. ఆ ఎద్దు ఎందుకు గెలిచిందో వివరంగా చెప్పగలిగే పాతికేళ్ళ కుర్రాడు మీ ఊళ్ళో ఉన్నాడా? యంగ్ ఫార్మర్స్‌లో 28 దాటితే సభ్యత్వం ఉండదు. నాకింకా ఏడాది టైముంది :)