పాత అంబాసిడర్ ఇంజనులో చప్పుడు: ఎక్కడ పుట్టినది?

ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్ ఉత్పత్తి 2014లో నిలిచిపోయినప్పటికీ, తండ్రిగారి కాలం నాటి కారును అపురూపంగా కాపాడుకుంటున్న సహోద్యోగులు మనలో ఇంకా ఉన్నారు. వారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే: ఇంజను కొట్టుకుంటోంది, దించమంటారా?

దించే ముందు వినవలసి ఉంటుంది. ఆ కార్లలో చిరకాలం నడిచిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను చేసే చప్పుళ్ళలో కొన్ని పది నిమిషాల శ్రమతో పోతాయి. మరికొన్నింటికి క్రాంక్ షాఫ్టునే మూల్యంగా చెల్లించవలసి వస్తుంది.

ఎత్తు ఎక్కేటప్పుడు, టాప్ గేరులో యాక్సిలరేటరు గట్టిగా తొక్కినపుడు గోళీలు రాలినట్లు గలగలమంటే, అది లోహం అరిగిన శబ్దం కాదు. సిలిండరులో ఇంధనం అదుపు తప్పి మండుతున్న శబ్దం. తక్కువ కంప్రెషనుతో రూపొందిన ఈ ఇంజనుకు నేటి పెట్రోలు ఆక్టేను ధారాళంగా సరిపోతుంది. కనుక ముందుగా జ్వలన సమయాన్నే శంకించాలి. డిస్ట్రిబ్యూటరును కొద్దిగా వెనుకకు త్రిప్పి చూడండి. చప్పుడు పోతే సరి. పోకుంటే దహనగదిలో పేరుకొన్న మసినీ, పెట్రోలులో కిరోసిన్ కల్తీనీ అనుమానించవచ్చు.

ఇంజను వేగంలో సగం లయతో టిక్ టిక్‌మనేవి టాపెట్లు. ఫీలర్ గేజి ఉంటే చాలు. చల్లని ఇంజనులో బిగ్గరగా ఉండి, వేడెక్కగానే తగ్గేది పిస్టను చప్పుడు. బోరు అరిగినదన్న మాట నిజమే గాని, తొందర లేదు.

తొందర ఉన్నది బిగ్ ఎండ్ బేరింగు విషయంలో. ఇంజను వేడెక్కిన తరువాత, మధ్యస్థ వేగంలో యాక్సిలరేటరు వదిలే క్షణాన ధన్ ధన్‌మని బరువుగా కొడుతుంది. ఆయిలు ప్రెషరు కూడా పడిపోతుంది. ఇంజను నడుస్తుండగా, రబ్బరు తొడుగు గల పటకారుతో ప్లగ్ తీగలను ఒక్కొక్కటిగా క్షణం పాటు తొలగించి చూడాలి. దగ్గరలో పెట్రోలు కారుతూ ఉండరాదు. ఏ సిలిండరు ఆపినపుడు చప్పుడు తగ్గితే, దోషం ఆ సిలిండరుదే. ఏది ఆపినా పెద్దగా మార్పు లేక, బరువు లాగేటప్పుడు అడుగు నుండి మంద్రంగా వినిపిస్తే మెయిన్ బేరింగులను చూడాలి. నాలుగు సిలిండర్లకు ఈ ఇంజనులో ఉన్నవి మూడే. అయితే ఈ పరీక్షలన్నింటికీ ముందు ఫ్యాన్ బెల్టు తీసి ఒక్క నిమిషం నడపండి. వదులైన డైనమో పుల్లీ బిగ్ ఎండ్‌ను అచ్చంగా అనుకరించి ఎందరి చేతనో ఇంజను దింపించినది!

చిక్కటి ఆయిలు పోసి చప్పుడు అణచే వైద్యాన్ని మేము అంగీకరించము. అది అమ్మకానికి పెట్టిన కారుకు వేసే ముసుగు. క్రాంకును గ్రైండు చేయగలిగే మెట్లు సాధారణంగా నాలుగే: అంగుళంలో వెయ్యింట పది, ఇరవై, ముప్పై, నలభై భాగాలు. కొట్టుకుంటున్న బేరింగుతో నడిపిన ప్రతి మైలూ జర్నల్‌ను గీతలు పరచి, కోడిగ్రుడ్డు ఆకారానికి తెస్తుంది. ఇదివరకే మూడు మెట్లు దిగిన క్రాంకుకు మిగిలేది ఒక్క అవకాశమే. కనుక బిగ్ ఎండ్ అని తేలిన కారును గ్యారేజీ దాకా నడపవద్దు, కట్టి లాగించండి.